పాత బండి వాటర్ పంపు: కిట్ వేయించాలా, కొత్తది కొనాలా, నీళ్లు పోసుకుంటూ నడపాలా?

కోరాపుట్, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఓఆర్ నంబరు బండ్లు ఇంకా చాలానే కనిపిస్తాయి. ఒడిశాలో ఓఆర్ బదులు ఓడి సిరీస్ 2012లో మొదలైంది. అంటే ఓఆర్ అని ఉన్న బండికి పుష్కరం దాటినట్టే. కమాండర్ జీపులు, పాత బొలెరోలు, మారుతి 800లు, ఓమ్నీలు, అక్కడక్కడా ఒక అంబాసిడర్. సంతలకు జనాన్ని దింపేవి, అల్లం బస్తాలు మోసేవి, పిల్లల్ని బడికి తీసుకెళ్లేవి ఇవే. ఈ వయసు బండిలో, ఇంజిను చల్లబడేలా లోపల నీళ్లు తిప్పే వాటర్ పంపు ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే.

పోయినప్పుడు షెడ్డులో మూడు మాటలు వినపడతాయి. "కిట్ వేసేద్దాం అన్నా, సాయంత్రానికి బండి ఇచ్చేస్తా." "లోకల్ పంపు ఉంది, వేసేయమంటారా?" "కంపెనీది కావాలంటే విశాఖ నుంచి తెప్పించాలి, రెండు రోజులు పడుతుంది." నాలుగో మాట పైకి రాదు, బండి ఓనరు మనసులో ఉంటుంది: కొన్నాళ్లు నీళ్లు పోసుకుంటూ నడిపేద్దాం.

నా మాట ముందే చెప్పేస్తాను. పోత ఇనుము బాడీ ఉన్న పాతకాలపు పంపుకి, చేతిలో పనున్న లేత్ మనిషి దొరికితే కిట్, అంటే పాత బాడీలోనే లోపలి భాగాలు మార్చడం, మంచిదే. చిన్న కార్లకు కిట్ జోలికి పోకుండా పంపు మొత్తం కొత్తది, కంపెనీది వేయించండి. నీళ్లు పోసుకుంటూ నడపడం మాత్రం, మన దారుల్లో, ఏ బండికీ వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

అసలు పోయింది పంపేనా?

బండి హీటెక్కగానే "పంపు పోయింది" అనేయడం మామూలైపోయింది. అలా పంపు మార్పించి, మర్నాడు మళ్లీ ఘాటీలో ఆవిర్లు కక్కుతూ ఆగిపోయిన బండ్లు ఎన్నో. కాబట్టి షెడ్డుకి వెళ్లేముందు మీరే ఒకసారి చూసుకోండి. ఇంజిను పూర్తిగా చల్లారి ఉండాలి. పొద్దున్నే, స్టార్టు చేయకముందు అయితే మరీ మంచిది.

పంపు బాడీకి అడుగు వైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది, పెన్సిల్ మొన పట్టేంత. నీళ్లను ఆపే సీలుకీ, ఇరుసును మోసే బేరింగుకీ మధ్య దీన్ని కావాలనే పెడతారు. సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఈ రంధ్రంలోంచి బయటికి కారతాయి. టార్చిలైటు, చిన్న అద్దం ముక్క పట్టుకుని అక్కడ చూడండి. కూలెంట్ (నీళ్లలో కలిపే రంగు ద్రవం) వాడే బండైతే పచ్చగానో గులాబీగానో ఎండిన చార, చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు పొర కనిపిస్తుంది. ఉత్త నీళ్లు పోసే బండైతే తుప్పు రంగు గీత ఉంటుంది. ఎండిపోయిన పాత మరక ఒకటే ఉంటే అప్పుడే కంగారు పడక్కర్లేదు. కొత్త పంపులో కూడా సీలు కుదురుకునే దాకా కాస్త చెమ్మ రావచ్చు. తుడిచేసి, రెండు మూడు రోజులు నడిపి మళ్లీ చూడండి. మళ్లీ తడి కనిపిస్తే సీలు పోయినట్టే. చాలామంది ఈ రంధ్రాన్ని చూసి "ఇక్కడ లీకవుతోంది" అని ఎం-సీల్ పెట్టి మూసేస్తారు. అప్పుడు ఆ నీళ్లకు వేరే దారి ఉండదు, నేరుగా బేరింగులోకి పోతాయి. వారం రోజుల్లో బేరింగు కూడా పోతుంది. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి.

తర్వాత పుల్లీ. ఫ్యానుని, లేదా పంపు పుల్లీని, రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమని కదిలితే బేరింగు పోయింది. ఇంజిను నడుస్తున్నప్పుడు ముందువైపు నుంచి గరగరమని శబ్దం వస్తూ, రేసు ఇచ్చేకొద్దీ పెరుగుతుంటే అది కూడా బేరింగు గుర్తే. అయితే ఆల్టర్నేటర్ బేరింగు కూడా అలాగే అరుస్తుంది. బెల్టు తీసేసి ఒక్క క్షణం ఇంజిను నడిపి, తర్వాత ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూస్తే తేలిపోతుంది. ఏది గరుకుగా తిరుగుతుందో వేళ్లకే తెలుస్తుంది.

మూడోది అన్నిటికంటే మోసం చేసేది. లీకు ఉండదు, శబ్దం ఉండదు, అయినా ఎత్తు ఎక్కితే హీటు. పంపు లోపల నీళ్లను తోసే ఇంపెల్లర్ రెక్కలు తుప్పు తిని ఉంటాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు, గెడ్డ నీళ్లు పోసిన బండ్లలో ఇది ఎక్కువ. విప్పి చూస్తే, రేకు ఇంపెల్లర్ అయితే రెక్కల చివర్లు రంపం పళ్లలా తినేసి ఉంటాయి. విప్పకుండా కొంత తెలుసుకోవాలంటే, చల్లటి ఇంజిను మీద రేడియేటర్ మూత తీసి స్టార్టు చేసి, వేడెక్కి థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునే దాకా ఆగండి. అప్పుడు లోపల నీళ్లు సుడి తిరుగుతూ కదలాలి. పై పైపు బాగా వేడెక్కినా లోపల నీళ్లు మందకొడిగా ఉంటే పంపును అనుమానించాలి. వేడి బండి మూత మాత్రం ఎప్పుడూ తీయకండి, ముఖం కాలిపోతుంది.

ఇక పంపు కాని తప్పులు. ట్రాఫిక్‌లో, నిలబెట్టి ఉంచినప్పుడు హీటెక్కి, రోడ్డెక్కి యాభైలో పోతుంటే తగ్గిపోతే ఫ్యాను సంగతి చూడాలి. గేజి పైకి పోయింది కానీ రేడియేటర్ పై పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ ఇరుక్కుని ఉండొచ్చు. రేడియేటర్‌లో కొంత భాగం వేడి, కొంత భాగం చల్లగా ఉంటే లోపల బంకమట్టి, తుప్పు పేరుకున్నట్టు. మూత తీసి చూస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే, ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజిను పై భాగమైన హెడ్ కింద ఉండే ప్యాకింగ్) పోయింది, అప్పుడు పంపు మార్చి ఏం లాభం లేదు. బ్యాటరీ లైటు వెలిగి, వెంటనే గేజి లేస్తే ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్‌నీ పంపునీ తిప్పేది ఒకటే బెల్టు.

రేడియేటర్ మూతను కూడా తక్కువ చేసి చూడొద్దు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే ఆ మరిగే హద్దు 115 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ పట్టకపోతే పంపు బాగున్నా సాలూరు-పొట్టంగి దారిలోని సుంకి ఘాటీలో నీళ్లు ఉడికిపోతాయి. మూత చవకగా దొరికేదే, ముందు అది మార్చి చూడటంలో తప్పు లేదు.

నీళ్లు పోసుకుంటూ నడపడం

ఈ దారి ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఎంచుకునేది ఇదే.

సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే బండిని తీసుకోండి. సెకండు గేరు, ఒక్కోచోట ఫస్టు గేరు. ఇంజిను గట్టిగా లాగుతుంది, బండి మెల్లగా పోతుంది, ఎదురుగాలి ఉండదు. ఇంజినులో పుట్టిన వేడంతా బయటికి పోవాలంటే పంపు, ఫ్యాను రెండూ సరిగ్గా పనిచేయాలి. కారే పంపుతో ఊళ్లో నెల రోజులు తిరిగినా ఏమీ కాకపోవచ్చు. అదే పంపు ఘాటీలో పది కిలోమీటర్లకే చేతులెత్తేస్తుంది. దిగేటప్పుడు గేజి కదలలేదు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. దిగుడులో ఇంజిను డీజిలు పెద్దగా తాగదు, వేడి పుట్టదు. మళ్లీ ఎక్కాలి కదా.

ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు పూర్తిగా పోయాక గేజి అబద్ధం చెబుతుంది. సెన్సరు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది. చుట్టూ గాలి, ఆవిరే మిగిలితే ముల్లు కిందికి దిగి కూర్చోవచ్చు. డ్రైవరు చల్లబడింది అనుకుంటాడు, లోపల హెడ్ వంగిపోతుంటుంది. హెడ్ విప్పి, ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి), గాస్కెట్ వేసే ఖర్చుతో రెండు మూడు కొత్త పంపులు కొనొచ్చు. ఇంజిను సీజ్ అయితే ఆ లెక్క కూడా చాలదు.

జీపు, అంబాసిడర్ లాంటి బండ్లలో ఫ్యాను పంపు ఇరుసు మీదే బిగించి ఉంటుంది. బేరింగు పూర్తిగా వదులైతే ఫ్యాను ముందుకు వంగి రేడియేటర్‌ని కోసేస్తుంది. అందుకే పుల్లీ ఊగుతున్న బండిని షెడ్డు దాకా కూడా నడపకండి, తాడు కట్టి లాగించండి.

దారిలో ఇరుక్కుపోతే చేయాల్సింది వేరే. ఏసీ ఆపండి, హీటరు ఉంటే ఫుల్‌గా పెట్టండి, పక్కకు ఆపి ఇంజిను ఆపేయండి. కనీసం అరగంట ముట్టుకోకండి. కాగిపోయిన ఇంజినులో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. చల్లారాక స్టార్టు చేసి, ఇంజిను తిరుగుతుండగా మెల్లమెల్లగా పోయండి. రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని పాత డ్రైవర్లు చెబుతారు. రేడియేటర్ గొట్టానికి సూది బెజ్జం పడితే కొన్ని కిలోమీటర్లు అది పనికొస్తుంది. పంపు సీలుకి పనికిరాదు. తిరిగే ఇరుసు దగ్గర పసుపు గానీ, సీసాలో అమ్మే లీకు మందు గానీ నిలబడదు, పైగా రేడియేటర్ గొట్టాల్లో ముద్ద కడుతుంది.

కిట్ వేయించడం

కిట్ అంటే ఇరుసుతో కలిసి వచ్చే బేరింగు, సీలు, గాస్కెట్, కొన్నిట్లో ఇంపెల్లర్ కూడా. బాడీ పాతదే ఉంటుంది. పాత జీపులు, అంబాసిడర్, పెద్ద లారీలు, ట్రాక్టర్ల పంపులకు బాడీ మందమైన పోత ఇనుము. ఆ బాడీ ఇంకో ఇరవై ఏళ్లు వస్తుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇవాళ దానికి మంచి కొత్త పంపు వెతకడం కంటే బాగున్న పాత బాడీని బాగు చేయించుకోవడమే నయం. ఇలాంటి పంపుల పనికి సాలూరు లేత్ షాపులు మనకు అందుబాటులో ఉన్నాయి. లారీల ఊరు కాబట్టి అక్కడివాళ్ల చేతికి ఈ పని అలవాటు.

పని దగ్గరుండి చూడండి. సుత్తితో కొట్టి బేరింగు దింపుతుంటే ఆపేయమనండి. ప్రెస్సు మీద నెమ్మదిగా నొక్కి దింపాలి, ఒత్తిడి బేరింగు బయటి రింగు మీద పడాలి. సుత్తి దెబ్బకు లోపలి గుండ్ల దారిలో గుంటలు పడతాయి, పంపు కొత్తగా ఉన్నప్పుడే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. రెండో సంగతి, బేరింగు బాడీలోకి బిగువుగా పోవాలి. చేత్తో నెడితే జారిపోతే ఆ బాడీ పని అయిపోయింది. కొందరు రంధ్రం అంచు చుట్టూ పంచ్ కొట్టి, ఆ గాట్లతో బేరింగుని పట్టిస్తారు. అది నిలబడదు. మూడోది, సీలు ముఖం. కార్బన్ ముఖం మీద నూనె వేళ్లు, ఇసుక రేణువు పడకూడదు. నాలుగోది ఇంపెల్లర్‌కీ బాడీకీ మధ్య సందు. ఎక్కువైతే నీళ్లు తోయదు, తక్కువైతే రుద్దుకుంటుంది. మంచి మేస్త్రీ విప్పకముందే పాత సందు, పుల్లీ హబ్ ఎత్తు కొలిచి పెట్టుకుంటాడు. కొలవకుండా విప్పేసేవాడి దగ్గర కిట్ వేయించకండి, ఎంత తక్కువ అడిగినా సరే.

పని అయ్యాక చేత్తో తిప్పితే పంపు నున్నగా, సీలు వల్ల కొంచెం పట్టినట్టుగా తిరగాలి. ఎక్కడా ఆగకూడదు, టక్కున వదలకూడదు.

కొత్త పంపు: లోకలా, కంపెనీదా

చిన్న కార్ల పంపులకు బాడీ అల్యూమినియం, ధర కూడా తక్కువ. వీటికి కిట్ వేయించే కూలీ, పంపు ధరలో ఎంతో తేడా ఉండదు. పైగా మారుతి 800, ఓమ్నీ లాంటి వాటిలో పంపు తీయాలంటే టైమింగ్ బెల్టు దాకా విప్పాలి. విప్పే కూలీయే అసలు ఖర్చు. లోకల్ పంపు వేసి ఆరు నెలలకు కారితే ఆ కూలీ మళ్లీ మొత్తం కట్టాలి. ఇక్కడ పంపు మీద మిగుల్చుకునే నాలుగైదు వందలు నిజంగా మిగలవు. అందుకే ఈ బండ్లకు నేను గట్టిగా చెప్పేది: రెండు రోజులు ఆగినా సరే, కంపెనీ పంపే తెప్పించుకోండి. దాంతోపాటే టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్ మార్పించేయండి. పాత బెల్టు మళ్లీ ఎక్కించుకోకండి.

ఓమ్నీ ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి పంపు కారితే చుక్కలు బండి ముక్కు కింద పడవు, సీట్ల కింద పడతాయి. అక్కడ తడి చూసి ఏసీ నీళ్లనో, వాన నీళ్లనో అనుకుని వదిలేస్తారు.

జీపు, పాత బొలెరో లాంటి వాటిలో పంపు ముందువైపు చేతికి అందేలా ఉంటుంది, కూలీ తక్కువ. బండి ఊళ్లోనే తిరిగేదైతే, బిల్లు ఇచ్చే దుకాణంలో దొరికే పేరున్న తయారీ లోకల్ పంపు వేసుకోవడం తప్పు కాదు. ఘాటీ ఎక్కి దిగే బండికి, జనాన్ని ఎక్కించుకునే ట్రెక్కర్లకు మాత్రం అది కూడా వద్దనే అంటాను.

కౌంటరు దగ్గరే డబ్బా విప్పి చూడండి. పాత పంపు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, హబ్ ఎత్తు, ఇంపెల్లర్ లోతు, రెక్కలు వంగిన దిక్కు సరిచూడండి. దిక్కు తేడా అయితే పంపు బిగుస్తుంది కానీ నీళ్లు సరిగా తోయదు. ఇంపెల్లర్ రేకుదా, పోతదా చూడండి. ఉత్త నీళ్లు పోసే అలవాటున్నవాళ్లకు రేకుది ముందే తుప్పు పడుతుంది. కంపెనీ డబ్బా పేరుతో నకిలీలు కూడా వస్తాయి. ఎంఆర్‌పీ స్టిక్కరు, పార్టు నంబరు, హోలోగ్రాం చూసి, బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి. స్క్రాపులో దొరికే పాత పంపు, కిట్ వేయించడానికి బాడీ కావాలంటే తప్ప, కొనొద్దు.

నిర్ణయం ఇంకా తేలకపోతే బండిని ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుందామనుకుంటున్నారో చూసుకోండి. సొంత బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయ్యాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ గడువు ఏడాదిలో అయిపోతుంది, తర్వాత అమ్మేస్తాను అనుకునే జీపుకి మంచి కిట్ చాలు. ఇంకో ఐదేళ్లు రెన్యువల్ చేయించి ఉంచుకుంటాను అనుకుంటే కొత్త పంపు, కొత్త పైపులు, కొత్త బెల్టు, థర్మోస్టాట్ ఒకేసారి పెట్టించేయండి. మళ్లీ మళ్లీ నీళ్లు దింపి విప్పే పని తప్పుతుంది.

బిగించేటప్పుడు

ఎంత మంచి పంపైనా బిగింపు సరిగ్గా లేకపోతే వృథా. పాత ప్యాకింగ్ ముక్కలు పూర్తిగా గీకి తీయాలి, అల్యూమినియం ముఖం గీతలు పడకుండా. అనాబాండ్ (లీకు ఆపే జిగురు) పలచగా పూస్తే చాలు. దట్టంగా పెడితే ఎక్కువైంది లోపలికి పిండుకుని నీళ్ల దారిలో పడుతుంది. బోల్టులు ఒక్కొక్కటిగా ఒకేసారి బిగించేయకుండా, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. బెల్టు విషయంలో మేస్త్రీతో గొడవపడాల్సి వచ్చినా పడండి. అరుస్తుందని గట్టిగా లాగి బిగిస్తారు, కొత్త బేరింగుని తినేసేది అదే. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా దిగాలి.

థర్మోస్టాట్ తీసి పారేయడం మన వైపు షెడ్డుల్లో మామూలు. "మన ఎండలకు అది అక్కర్లేదు బాబూ" అంటారు. అక్కర్లేదన్న మాట నిజం కాదు. అది లేకపోతే ఇంజిను సరిపడా వేడెక్కదు, డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా పక్కదారిలో తిరిగి ఉల్టా హీటెక్కుతుంది కూడా. చెడిపోయిందైతే కొత్తది పెట్టించండి.

నీళ్ల సంగతికొస్తే, కూలెంట్ కలపండి. అది చలికాలం గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటారు, మనకు పెద్దగా పనికొచ్చేది అందులో ఉండే తుప్పు మందు. సీలునీ, ఇంపెల్లర్‌నీ కాపాడేది అదే. కలపడానికి బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే మంచిది, బోరు నీళ్లలో సున్నం పేరుకుంటుంది. దింపిన పాత కూలెంట్‌ని రోడ్డు పక్కన పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు నాకుతాయి. అది విషం.

నింపాక మూత తీసి ఉంచి, హీటరు వేడి వైపు తిప్పి, బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలబెట్టి ఇంజిను నడపనివ్వండి. బుడగలు ఆగే దాకా, పై పైపు వేడెక్కే దాకా ఓపిక పట్టాలి. లోపల గాలి మిగిలిపోతే కొత్త పంపుతో కూడా మొదటి ఎత్తులోనే గేజి లేస్తుంది. ఊళ్లోనే రెండు రోజులు తిప్పి, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మట్టం, బెల్టు బిగువు, అడుగు రంధ్రం ఇంకోసారి చూసుకున్నాకే బండిని సుంకి వైపు తిప్పండి.